ధీరుడు కంచెర్ల గోపన్న

మన సంఘ వార్షిక మహాసభ సంచికకు మన కులమున వెలసిన మహనీయులలో నొకరి చరిత్రమును వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు కోరినప్పుడు నా మనస్సు మఱియొక చోటికి పోక నేలకొండపల్లి వైపే నడచినది. ఖమ్మము మొదలుకొని భద్రాచలపు టడవుల వఱకు గల ప్రదేశముననే పుట్టి, పెరిగి, బడిపంతులుగా పనిచేసి, విశ్రాంతి గొన్న నావంటి వానికి కంచెర్ల గోపన్నగారిని విడిచి వేఱొకరిని గూర్చి వ్రాయుట సాధ్యము గాదు. వారిని గూర్చి ఇంతకు మున్ను వచ్చిన వ్యాసములకు లెక్క లేదు. దాదాపుగా అన్నియు వారి భక్తిని గూర్చినవే. ఆ విషయమున నాకంటె పెద్దలు చెప్పవలసినదంతయు చెప్పియున్నారు. త్యాగరాజస్వామివారు దేవగాంధారి రాగమున రచించిన క్షీరసాగరశయన యను కీర్తనలో రామదాసుగారి బంధవిముక్తిని స్మరించుచు, వారిని భక్తుడని గాక ధీరుడని పేర్కొన్నారు. ఎంచి ఎంచి మాట వేయు మహానుభావుడు ఆ విశేషణమునే యేల వేసెనో విచారింపవలయునని నాకు చిరకాలముగా నొక కోరిక.

ఇంకొక కారణమును గలదు. నేను అడవి యంచున నున్న యొక యున్నత పాఠశాలలో తెలుగు చెప్పుచున్న దినములలో, రామదాసుగారి పాఠము ముగియగానే వెనుక బల్లమీది బాలుడొకడు లేచి, కొఱడా దెబ్బలకు ఏడ్చినవాడు వీరుడెట్లగునని యడిగెను. తక్కిన పిల్లలు నవ్విరి. నేను వానిని కూర్చుండుమని చెప్పి, తరువాతి పద్యమునకు ప్రతిపదార్థము చెప్పించితిని. పాఠమునకు వేళ మించిపోవుచున్నదని అప్పుడు నాకు నేను సమాధానము చెప్పుకొంటిని గాని, నిజమునకు ఆ ప్రశ్నకు బదులు నా వద్ద లేకపోయినది.

గోపన్నగారు 1620 ప్రాంతమున లింగన్నమంత్రికిని కామాంబకును నేలకొండపల్లిలో జన్మించిరని సంప్రదాయము. ఆ గ్రామము సామాన్యమైనది గాదు. అచ్చట ప్రాచీనమైన బౌద్ధస్తూపము నేటికిని నిలిచియున్నది. జనులు మాత్రము ఆ పరిసరములలోని దిబ్బలను చూపి అది విరటుని కొలువు గల పట్టణమనియు, భీమసేనుడు కీచకుని మట్టుపెట్టినది అచ్చటనే యనియు చెప్పుకొందురు. కావున గోపన్నగారు పసితనమున వినిన శౌర్యకథలకు వారి యింటి చుట్టునున్న మట్టిదిబ్బలే సాక్ష్యములు. చీకటిలో నర్తనశాల, మాఱువేషము, ఒక్క రాత్రిలో తేలిన పగ. కథలోని ధైర్యమనిన అట్లే యుండవలయును. క్షణములో పుట్టి, శత్రువును కూల్చి, తెల్లవాఱుసరికి ముగిసిపోవలయును. ఆ యూర పుట్టిన యీ మంత్రికుమారుని ధైర్యము మాత్రము ఏండ్ల తరబడి సాగినది, ఎవ్వరిని కూల్చనులేదు.

ఇచ్చట అలంకారశాస్త్రము నుండి యొక మాట చెప్పవలసియున్నది. సంస్కృతము చదివినవాని చాపల్యమును చదువరులు క్షమింతురు గాక. వీరరసమునకు స్థాయి ఉత్సాహము. వీరుడు దానవీరుడు, ధర్మవీరుడు, యుద్ధవీరుడు, దయావీరుడు అని నాలుగు విధములు. ఇంతవఱకు అందఱెఱిగినదే. అయితే ఆలంకారికులు రసవిరోధ ప్రకరణమున మఱియొక నియమము చేసినారు. వీర భయానకములు రెండును ఒకే యాశ్రయమున నుండరాదు. నాయకునియందు ఉత్సాహమును నిలిపి, భయమును ప్రతినాయకునియందు పెట్టవలయును. కావ్యమునకు ఈ నియమము మేలైనదే. దీనివలననే మన నాటకములలో నాయకుడు వణకడు, వణకువాడెల్ల శత్రువు. కాని లోకములో భయోత్సాహములు ఒకే గుండెలో, ఒకే గడియలో, ఇరుగుపొరుగున కాపురముండును. ఈ భేదము తెలియక కావ్యపు కొలతతో మనుష్యులను కొలుచుటచేతనే నా శిష్యుని ప్రశ్న పుట్టినది. అది వాని తప్పు గాదు. వానికి వీరులను కావ్యములనుండియు సినిమాలనుండియు చూపించినవారము మనమే.

ధీరశబ్దమునకు కాళిదాసు చెప్పిన లక్షణము వేఱు. కుమారసంభవ ప్రథమసర్గ చివర, తపస్సులో నున్న శివుడు పార్వతి పరిచర్యకు అనుమతించిన సందర్భమున, వికారమునకు కారణము ఎదుటనున్నను ఎవరి చిత్తము మాఱదో వారే ధీరులని మహాకవి నిర్ణయించినాడు. ఇందు శరీరము వణకరాదనియు, కంట నీరు పెట్టరాదనియు నియమము లేదు. మాఱకుండవలసినది చిత్తము. త్యాగరాజస్వామివారి విశేషణమునకు అర్థము ఇచ్చట వెదకవలెనని నా యభిప్రాయము.

గోపన్నగారి మేనమామలు అక్కన్న మాదన్నలు. గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్ షా 1672లో మరణింపగా ఆయన యల్లుడైన అబుల్ హసను సింహాసన మెక్కెను. లోకము ఆయనను తానీషా యని పిలిచినది. అంతకుముందు సయ్యదు ముజఫరు కొలువులో నుండిన మాదన్నపంతులు స్వల్పకాలములోనే రాజ్యమునకు ప్రధానామాత్యుడైనాడు. అక్కన్నగారికిని గొప్ప యధికారము లభించినది. ఆ మేనమామల ప్రాపున గోపన్నగారికి పాల్వంచ పరగణా తహశీలుదారు పదవి వచ్చినది. బంధుప్రీతి యని ఈ కాలపువారు అందురేమో. ఆ కాలమున కొలువులకు దారియే అది.

నియోగమనగా ఒకరు నమ్మి యప్పగించిన పని. మనవారు తరతరములుగా కత్తి కంటె గంటమునే నమ్ముకొన్నవారు. మా తండ్రిగారు 1984లో కరణీకములు రద్దగు వఱకు గ్రామలెక్కలు వ్రాసినవారు. శిస్తు వసూలైన దినమున ఆ పైకము ఇంట నున్నంత సేపు వారికి అన్నము సహించెడిది కాదు. మఱునాడు దానిని చెల్లించి వచ్చినగాని నిద్రపోయెడివారు కారు. ఇది నేను కన్నులార చూచినది. కావున గోపన్నగారు చేసిన పని యెంత భయంకరమైనదో మన వారికి ఒకరు చెప్పవలసిన పని లేదు.

పాల్వంచ నుండి భద్రాచలమునకు పోవు మార్గము ఇప్పుడు తారురోడ్డు. నాడు అంతయు కారడవి. టేకు, ఇప్ప, తునికి, వెదురు, నడుమ కిన్నెరసాని, దానిని దాటినమీదట గోదావరి. గోదావరిపై వంతెన 1965లో గాని రాలేదు గనుక, మా బాల్యమునకు కొంచెము ముందు వఱకును నావలే గతి. గోదావరి కావలి గట్టున చిన్న కొండమీద మట్టిలో మఱుగుపడియున్న శ్రీరామమూర్తులను పోకల దమ్మక్క యను అడవిబిడ్డ మొదట కనుగొని, పైన తాటాకు పందిరి వేసి, తాటిపండ్లు నివేదన చేయుచుండెనని చెప్పుదురు. ఈ సంచికను చదువు మన వారందఱును ఈ సంగతిని ఒక్క నిమిషము ఆలోచింపవలెనని నా ప్రార్థన. మనము మనవాడని చెప్పుకొను గోపన్నగారు ఆ కొండకు మొదటి భక్తుడు గాడు, రెండవవాడు. మొదటి కోవెల తాటాకులది, కట్టినది దమ్మక్క. పులులు తిరుగు కొండమీద ఒంటరిగా పందిరి వేసి దినదినమును పండు పెట్టిన స్త్రీ ధైర్యమును గూర్చి ఎవరును నాటకము వ్రాయలేదు. తహశీలుదారుగారు ఆ పందిరిని చూచి ముఖము త్రిప్పుకొని పోక, అచ్చట చేతులు జోడించిరి. అధికారికి అదియును కొంత ధైర్యముతో గూడిన పనియే.

ఇక ధనము సంగతి. గోపన్నగారు ప్రాకారములు, మండపములు, గోపురముతో గూడిన యాలయము కట్టించి, సీతారామలక్ష్మణులకు నగలు చేయించిరి. మొదట జనుల చందాలతోనే పని యారంభమైనదనియు, అవి చాలకపోయిన మీదట సర్కారు రాబడిపై చేయి పడినదనియు చెప్పుదురు. సంప్రదాయము ఆ మొత్తమును ఆఱు లక్షలుగా లెక్కించును. గోల్కొండ రాజ్యమున రాబడి బాకీ పడిన యధికారికి శిక్ష యెట్టిదో గోపన్నగారు ఎఱుగనివారు గారు. మచిలీపట్నములో నుండిన మెథ్వోల్డ్ అను ఆంగ్లేయ వర్తకుడు వ్రాసి పెట్టిన దాని ప్రకారము, 1614లో ఆ పట్టణపు పాలకుడైన బ్రాహ్మణుడొకడు చెల్లింపవలసిన పైకము పూర్తిగా చెల్లింపలేకపోగా, వీపున, పాదములపై, పొట్టపై బెత్తములతో కొట్టగా కొట్టగా ప్రాణము విడిచినాడు. ఇది గోపన్నగారు పుట్టుటకు కొంచెము ముందు జరిగిన సంగతి. కొలువు చేయు కుటుంబములలో ఇట్టి సంగతులు పిల్లలకు ఉగ్గుపాలతోనే తెలియును. ఆయన తెలియక చేసినవాడు గాడు.

చేసినది న్యాయమా యని యడిగినచో, నేను న్యాయమని చెప్పజాలను. రాజుగారి పైకమును రాజుగారి యనుమతి లేక వ్యయము చేయుట తప్పు. ఆ ధనము రైతు చెమట. గుడి యెంత పవిత్రమైనను ఈ మాట మాఱదు. భక్తి పేరిట ఈ భాగమును దాటవేయువారితో నేను ఏకీభవింపను. దాటవేసినచో గోపన్నగారి ధైర్యము గూడ దాటిపోవును. తప్పు లేనివాడు చెఱసాలలో నిబ్బరముగా నుండుట యొక విధము; తన లెక్కలో తప్పున్నదని తెలిసినవాడు, ఆ లెక్కను దాచక, దాని ఫలమునకు తలయొగ్గుట వేఱొక విధము. రెండవది కష్టతరము.

నా యల్పానుభవ మొకటి మనవి చేసెదను. నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్న యొక చిన్న బడిలో, తొలకరికి ముందు పైకప్పు పాడై పిల్లలు తడియుచుండగా, మంజూరు ఎంతకును రాకపోయినందున, పరీక్షరుసుముల క్రింద నా చేతిలో నున్న పైకముతో రేకులు వేయించితిని. రుసుము కట్టవలసిన గడువు పదునైదు దినములు. ఆ పదునైదు దినములును నేను పడిన భయము ఇంత యని చెప్పజాలను. ఎవరైన అధికారి వచ్చినచో, ఆ రేకులు పాతవే యని చెప్పుదునా, నేనే వేయించితినని చెప్పుదునా యని రాత్రులందు తలపోసితిని. అబద్ధమే ముందుగా నోటికి వచ్చెడిది. తుదకు నా భార్య గాజులు కుదువబెట్టి పైకము కట్టితిని. ఎవరును రాలేదు, ఎవరును అడుగలేదు. ఎవరైన వచ్చియున్నచో నేనేమి చెప్పియుందునో నేటికిని నాకు తెలియదు. ఆ పదునైదు దినముల పిమ్మట నేను రామదాసుగారి కీర్తనలను చదివిన చదువు వేఱు.

ఆ కీర్తనలలో నొక విశేషము గలదు. ఇక్ష్వాకు కులతిలకుని సంబోధించుచు చెప్పిన ప్రసిద్ధ కీర్తనలో ఆయన ప్రాకారమునకు ఎంతయైనది, ఏ తమ్మునికి ఏ పతకము చేయించినది, సీతమ్మకు ఏమి చేయించినది, దేనికి ఎంత పట్టినది వరుసగా చెప్పుచు పోవుదురు. వినువారు దానిని దెప్పిపొడుపుగా విని ముచ్చటపడుదురు. అది దెప్పిపొడుపే, కాని కరణము కొడుకునైన నాకు అది జమాఖర్చు పుస్తకముగా గూడ కానవచ్చును. పద్దు వెంబడి పద్దు. చెఱసాలలో గూడ ఆయన లెక్క మఱువలేదు, మార్చనులేదు. తాను తినినది ఒక్క కాసు లేదని దేవునికి చెప్పుకొనుచున్నాడు గాని, తాను ఖర్చు చేయలేదని రాజునకు చెప్పుటలేదు. తన చేతివ్రాలును తాను కాదనని తహశీలుదారు ఆయన.

పట్టుకొని రమ్మని గోల్కొండ నుండి ఆజ్ఞ వచ్చినప్పుడు ఆయన పాఱిపోవుటకు ఎంత యనువు గలదో ఈ ప్రాంతము నెఱిగినవారికి తెలియును. భద్రాచలము గోదావరికి ఉత్తరపు గట్టు. అచ్చటి నుండి దండకారణ్యము మొదలగును. దానికావల బస్తరు రాజ్యము, కాకతీయ వంశీయులమని చెప్పుకొను రాజులది. గోల్కొండ సిపాయీలకు ఆ యడవులు కొత్త. ఆ యడవిలోని కోయపల్లెలు గోపన్నగారిని ఎఱుగును. నాలుగు దినములు నడచిన చాలును, సుల్తాను చేయి అందదు. ఆయన ఉత్తరమునకు నడువలేదు. సుమారు 300 కిలోమీటర్ల దూరము పడమటికి, తాను కట్టించిన గోపురమునకు వీపు పెట్టి, బందీయై నడచిరి. నాటకములలో ఈ ఘట్టము రెండు నిమిషములలో తెఱ మీద నుండి తెఱ వెనుకకు పోవును. నా దృష్టిలో చరిత్రమంతటికిని ఇదే నడిమి స్తంభము.

చెఱ పండ్రెండేండ్లని సంప్రదాయము. తానీషా పాలించినది మొత్తము పదునైదేండ్లే. ఆ పండ్రెండేండ్లే నిజమైనచో, మేనమామలు అధికార శిఖరమున నున్న కాలమంతయు మేనల్లుడు వారి కోటలోనే సంకెళ్లతో నుండవలెను. వారేల విడిపింపలేదని పలువు రడుగుదురు. మాదన్నపంతులకు కొలువులో శత్రువులు మెండు. ఆయన రాబడి లెక్కలను బిగించి యొరులను దండించినవాడు. తన మేనల్లుని బాకీని తుడిచివేసినచో మఱునాడు ఆయన మాట చెల్లునా? నేను ఆయనను నిర్దయుడనను. గోపన్నగారును మేనమామల పేరు చెప్పి మొఱపెట్టుకొన్నట్లు ఆ కీర్తనలలో నెచ్చటను కానరాదు. మొఱలన్నియు మఱియొకరికే.

ఆ మొఱలే నా శిష్యుని ప్రశ్నకు మూలము. అవును, ఆయన యేడ్చినాడు. దెబ్బలకు తాళలేనని బిగ్గఱగా అఱచినాడు. రాముని నిలదీసినాడు; నీ తండ్రి యిచ్చినాడా, నీ మామ యిచ్చినాడా యను అర్థము వచ్చునట్లు దూఱినాడు; మఱుక్షణమున దెబ్బల బాధ కోర్వలేక తిట్టితినని క్షమాపణ వేడినాడు. రాముడు పలుకకున్నచో సీతమ్మను పట్టుకొని, ఏకాంతమున నున్నప్పుడు నా సంగతి చెప్పవమ్మాయని బ్రతిమాలినాడు. కచేరీలలో ఎదురుచూచి ఎదురుచూచి విసిగిన మనుష్యుడు లోపలి యిల్లాలిచేత మాట చెప్పించుకొనుట యెట్లో అట్లే. ఇందులో కావ్యనాయకుని గాంభీర్యము లేదు. ఉన్నది ఒడలు మండుచున్న మనుష్యుని కంఠము. భయము, నొప్పి, కోపము, సిగ్గు, ఆశ యన్నియు ఒక్క యాశ్రయముననే యున్నవి. ఆలంకారికుల నియమమును గోల్కొండ కొఱడా చెఱిపివేసినది. అయినను ఇన్ని కీర్తనలలో ఆయన యొక్క సంగతి మాత్రము ఎన్నడును అనలేదు. గుడి కట్టకయుండవలసినదని అనలేదు. చిత్తము మాఱలేదు. కాళిదాసు చెప్పిన లక్షణము ఇచ్చట సరిపోవుచున్నది.

ఇంట నున్నవారి సంగతి కథకులు తక్కువగా చెప్పిరి. ఆయన భార్య కమలమ్మగారు. అన్నసంతర్పణ నాడు వారి శిశువు వేడిగంజి గుంటలో పడి మరణించుటయు, రామనామ మహిమచే మరల బ్రతుకుటయు హరికథలలో విందుము. మహిమల మాట యటుంచుడు. భర్త చెఱలో నుండగా ఇల్లు నడిపి, పొరుగువారి కన్నులకు ఎదురుగా నిలిచి యెదురుచూచుటకు ఏ కొఱడా దెబ్బకును తీసిపోని యోర్పు కావలయును. ఆమె కీర్తనలు వ్రాయలేదు గనుక మనకు ఆమె కంఠము వినబడదు.

కథ కల్పనగా మాఱిన చోటులు పెక్కులు గలవు. గోపన్నగారికి తారకమంత్రము నుపదేశించిన కబీరుదాసు కథలలో నున్నాడు. కాశీలోని కబీరుదాసు పదునైదవ శతాబ్దమువాడు గనుక నడుమ రెండువందల యేండ్ల యెడమున్నది. 1964లో చిత్తూరు నాగయ్యగారు తీసి నటించిన రామదాసు చిత్రమును మా పెద్దలు కన్నీటితో చూచినవారు. 2006లో వచ్చిన శ్రీరామదాసు చిత్రమును నా శిష్యులు చూచిరి. నడుమ మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి కంఠము ఆ కీర్తనలను ఇంటింటికి చేర్చినది. ఇవన్నియు మేలే చేసినవి. అయితే తెఱమీద కొఱడా దెబ్బకు నాయకుని ముఖము అందముగా వాడును గాని చెదరదు. కల్పన తన నియమమును తాను విడువదు.

అన్ని కల్పనలలోను మిన్నయైనది రామోజీ లక్ష్మోజీల కథ. రామలక్ష్మణులు ఇరువురు బంటుల వేషమున అర్ధరాత్రి తానీషా యంతఃపురమునకు పోయి, ఆఱు లక్షలును లెక్కించి యిచ్చి, రసీదు వ్రాయించుకొని, చెఱసాలలో నిద్రించుచున్న రామదాసు తలక్రింద నుంచి పోయిరని కథ. ఈ కథను నేను నమ్మెదనా లేదా యని యడుగకుడు. దానిని కల్పించిన జనుల బుద్ధికి మాత్రము నమస్కరించెదను. వారు రాముని ధనుర్ధారిగా పంపలేదు. కోటగోడలు కూలలేదు, సంకెళ్లు వాటంతట నవి తెగలేదు, సుల్తాను తల తెగలేదు. దేవుడంతవాడును వచ్చి బాకీ చెల్లించి రసీదు తీసికొన్నాడు. అనగా ఆ పైకము రాజుగారిదే యనియు, అది చెల్లింపవలసినదే యనియు ఆ కథ చెప్పినవారు ఒప్పుకొన్నారు. గోపన్నగారి పద్దుపుస్తకమునకు తగిన ముగింపు అదియే. బాకీ ఎగవేసిన భక్తునిగా గాక, బాకీ తీఱిన యధికారిగా ఆయనను ఇంటికి పంపవలెనని తెలుగు పల్లెలు కోరినవి. లెక్కలు వ్రాసిన కులమువారము గనుక మనకు ఈ కథ మఱింత ప్రియము కావలసియున్నది.

విడుదలయైన గోపన్నగారు భద్రాచలమునకు మరలి వచ్చిరి. అటుపిమ్మట గోల్కొండకు పోయిన గడియలు వచ్చినవి. 1686లో అక్కన్న మాదన్నలు గోల్కొండ వీథులలో హత్య చేయబడిరి. 1687 సెప్టెంబరులో ఔరంగజేబు కోటను పట్టుకొన్నాడు. నాటి యుద్ధవీరుడు అబ్దుర్ రజాకు లారీ. శత్రువు చూపిన యాశలకు లొంగక, ఒడలెల్ల గాయములై పడిపోవు వఱకు కోటవాకిట పోరాడినాడు. కావ్యమునకు కావలసిన వీరుడు ఆయన. తానీషాయో, తన్ను పట్టుకొనుటకు మొగలు సేనానులు లోపలికి వచ్చినప్పుడు తొట్రుపడక, వారిని ఆదరించి, భోజనము కానిచ్చి, వారి వెంట బయలుదేరినాడని మొగలు చరిత్రకారుడే వ్రాసినాడు. ఆ పిమ్మట దౌలతాబాదు కోటలో బందీయై 1699లో అచ్చటనే మరణించెను. గోపన్నగారిని చెఱలో నుంచిన ప్రభువునకు చెఱ పండ్రెండేండ్లు. ఈ సంఖ్యను చూచి దేవుని తీర్పని సంతోషించువారిని నేను ఎఱుగుదును. నాకు మాత్రము సంతోషము కలుగలేదు. ఆయనను విడిపించుటకు ఏ రామోజీయు రాలేదు. అయినను భద్రాచల కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు ప్రభుత్వపక్షమున పంపు ఆచారమును ఆయన పేరుతోనే జనులు చెప్పుకొందురు. రాజ్యములు మాఱినవి, భద్రాచలము 1860లో నిజాము చేతినుండి ఇంగ్లీషువారికి పోయి, గోదావరి జిల్లాలో చేఱి, 1959లో ఖమ్మము జిల్లాకు వచ్చి, 2016లో కొత్తగూడెము జిల్లాలో కలిసినది. తలంబ్రాలు మాత్రము శ్రీరామనవమినాడు వచ్చుచునే యున్నవి.

ఉద్యోగవిరమణకు కొన్నియేండ్లు ముందు, పిల్లలను విహారయాత్రకు గోల్కొండకు తీసికొనిపోయితిని. రామదాసు బందీఖానా యని చూపు గది యొకప్పుడు సామానులు నిలువచేయు కొట్టుగా కట్టినదని చెప్పుదురు. లోపల పగలే చీకటి. పై నుండి కొంచెము వెలుతురు. గోడమీద సీతారామలక్ష్మణుల రూపములు, హనుమంతుని రూపము చెక్కియున్నవి; అవి ఆయన చేతివ్రాతయే యని నమ్మిక. శిల్పశాస్త్రము చదివినవాడు చెక్కినవి గావు. పిల్లలు ముందు అల్లరి చేసిరి. లోపలికి పోగానే మాటలు తగ్గినవి. ఒకడు గోడకు చేయి యానించి, ఈ గీత లోతుగా నున్నదండీ, ఆ గీత తేలికగా నున్నదండీ యని నాతో చెప్పెను. వాడు ఆనాడు ప్రశ్న వేసిన బాలుడు గాడు; ఆ బాలుడు అప్పటికే చదువు ముగించి, కిన్నెరసాని వైపు అడవిశాఖలో చిన్న కొలువున చేఱి, కలప దొంగలను ఒంటరిగా అడ్డగించి దెబ్బలు తిని, ఆసుపత్రిలో పదిదినములుండి, మరల అదే కావలికి పోయినాడని వినియుంటిని. చూచుటకు పోయినప్పుడు, బాగుగా ఏడ్చితిని పంతులుగారూ యని వాడు సిగ్గుపడుచు చెప్పెను. నేను వాని మంచము ప్రక్కన కూర్చుండి, తెచ్చిన బత్తాయిలు ఒలిచి పెట్టితిని.